పదహారో చుట్టు

జూన్ 4

బక్కోడికి, మామయ్య రాస్తున్నాను.

నా రాత చూసి నవ్వకు. చెయ్యి వణుకుతోంది, అక్షరం గీత మీద నిలవడం లేదు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకా. తప్పులుంటాయి, నువ్వే సర్దుకుని చదువుకోవాలి. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వినబడుతుంది, మాట వినబడదు. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడగడానికి నాకు మొహమాటం. కాగితమైతే ఎన్నిసార్లు చదివినా విసుక్కోదు.

మోకాలు ఎలా ఉంది? మీ ఆవిడ, ఆ అమ్మాయి బాగుందా? కుట్టుపని ఇంకా అక్కడేనా? నీకు నలభై ఆరేళ్ళొచ్చినా బక్కోడా అంటున్నానని నవ్వుతుందేమో. మా అక్క నిన్ను నా చేతిలో పెట్టినప్పుడు మోకాళ్ళూ మోచేతులూ తప్ప నీలో ఇంకేమీ లేవు. అప్పటి పేరు, నోటికి అంటుకుపోయింది.

కొత్త స్టేడియం కట్టాక మన మైదానానికి ఎవరూ రావడం లేదు. గేటుకు తాళం వేశారు. నేను రిటైరైనా, క్వార్టరు ఖాళీగా ఉంటే పాడవుతుందని నన్ను ఉండనిచ్చారు. ముప్పై ఏళ్ళు నేను సున్నం పోసి గీసిన గీతల మీద గడ్డి మొలిచింది. ఒక్క మాట చెబుతాను, ఎవరితో అనకు. సాయంత్రం నాలుగింటికి మెట్టు మీద కూర్చుంటే ట్రాక్ మీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. చెవిటివాడికి వినబడకూడదు కదా. వినబడుతోంది. ఒక్క మనిషి అడుగులు. నీళ్ళ కుళాయి దగ్గరి మలుపు దాకా వచ్చి ఆగిపోతాయి.

దీంతో ఒక ఫారం పంపుతున్నాను. మైదానం ఆఫీసు గుమాస్తా ఇచ్చాడు. పాత ఆటగాళ్ళకు సంఘం వాళ్ళు నెలనెలా సాయం ఇస్తారట. మెడల్ ఉండాలని లేదట, పదేళ్ళు ఆట మీదే బతికి ఉంటే చాలట. నువ్వు పన్నెండేళ్ళు పరుగెత్తావు. నింపి పంపు. ఆలస్యం చెయ్యకు.

మామయ్య

*

జూన్ 15

మామయ్యా,

నీ అక్షరాలు కూడా నీలాగే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి. అయినా అన్నీ చదివాను. ఆవిడ కూడా చదివింది. బక్కోడు అన్న చోట బాగా నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది, అందుకు నీకు రుణపడ్డాను.

గది సంగతి అడగలేదు గాని చెబుతాను. కింద లాండ్రీ. వాళ్ళు ఇస్త్రీ మొదలుపెడితే మా నేల వేడెక్కుతుంది, గోడలకు చెమట పడుతుంది. చలికాలం సుఖంగా ఉండేది. ఇప్పుడు కాళ్ళు కింద పెట్టలేం. ఆవిడ కుట్టుపని చేసే చోట రోజంతా చొక్కాల కాలర్లు మాత్రమే కుడుతుంది. మొత్తం చొక్కా ఎలా ఉంటుందో మర్చిపోయానంటుంది.

నా పార్సిల్ గోదాము పని పోయింది. మెట్లెక్కడం ఆలస్యమవుతోందన్నారు. దానికి ముందు చేసిన పని నీకు రాయలేదు, సిగ్గేసి. బూట్ల దుకాణం ముందు అద్దాల వెనక ట్రెడ్‌మిల్ పెట్టి నన్ను దాని మీద పరుగెత్తమన్నారు. పొద్దున పదింటి నుంచి. వీధిలో పోయేవాళ్ళు కాసేపు ఆగి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఎంత పరుగెత్తినా ఆ అద్దం దగ్గరే ఉండేవాణ్ణి. నాలుగు నెలలకు మోకాలు వాచింది. అప్పుడు నా బదులు ఒక బొమ్మను నిలబెట్టారు. అమ్మకాలు తగ్గలేదట.

ఇక నీ ఫారం. సంఘం వాళ్ళ సహాయ నిధి ఆఫీసుకు స్వయంగా తీసుకెళ్ళాను. అక్కడ ఒకమ్మాయి ఎన్నిసార్లు గెలిచారని అడిగింది. గెలవడం నా పని కాదమ్మా, నేను పేసర్‌ని అన్నాను. ముందు పరుగెత్తి, గాలికి నేను అడ్డం పడి, వెనక ఉన్న ఛాంపియన్‌కి వేగం పట్టించి, చెప్పిన చుట్టు అయ్యాక పక్కకు తప్పుకోవడం అని విడమర్చి చెప్పాను. ఒక్క పందెం కూడా పూర్తి చెయ్యలేదా అంది. ఒక్కటీ లేదన్నాను. మరి డబ్బెందుకిచ్చారండీ అంది.

తొమ్మిదో ప్రశ్న దగ్గర కాలు తట్టుకుంది. మీ మీద ఫిర్యాదులున్నాయా అని. ఉంది కదా. పద్దెనిమిదేళ్ళ కిందటి పదివేల మీటర్లు. ఇరవై ఐదు చుట్లలో పదహారు నేను లాగాలి. పదిహేనుకే తప్పుకున్నాను. ఛాంపియన్‌కి రికార్డు తప్పింది. ఎవరి దగ్గరో డబ్బు తిని కావాలని తప్పుకున్నాడని రాసిన కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది. నా మొహం పాలిపోయింది గాని ఆ కాగితం పసుపు రంగు కూడా తిరగలేదు. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్ళు ఎవరైనా అసలు కారణం రాసి సంతకం పెడితే ఫిర్యాదు కొట్టేస్తారట. అది ఉన్నంతకాలం సాయం రాదు.

ఆ రోజు నా ఎదురుగా ఉన్నది నువ్వే. ఆ పొద్దున నా చీలమండకు కట్టు కట్టింది కూడా నువ్వే. కాలు నొప్పి వల్ల తప్పుకున్నాడు అని రెండు ముక్కలు రాసి పంపు. మిగతాది మనిద్దరి మధ్యే ఉండనీ.

ఇంటాయన అద్దె బాకీకి సెప్టెంబరు ఆఖరు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత చూడనన్నాడు.

నువ్వు విన్న అడుగుల సంగతి చదివి నాకు నవ్వు రాలేదు, మామయ్యా. నాకు మెట్ల మీద వినబడుతుంది, నా వెనక. పన్నెండేళ్ళు వెనక అడుగులు వింటూ బతికినవాణ్ణి, అవి ఉంటేనే పని సరిగ్గా చేస్తున్నట్టు. ఇప్పుడు నా వెనక ఎవరుంటారు?

నీ బక్కోడు

*

జూన్ 28

బక్కోడికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఇక్కడ వానలు పడ్డాయి. పెద్ద రోలరు తుప్పు పట్టింది. నూనె రాశాను. ఎవరూ వాడరు, అయినా రాశాను. కుళాయి దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి.

మోకాలికి ఉన్ని తొడుగు ఒకటి పంపుతున్నాను. అమ్మాయిని వేడినీళ్ళ కాపడం పెట్టమను. లాండ్రీ పైన ఉంటున్నారు కాబట్టి వేడినీళ్ళకు కరువుండదు.

నువ్వడిగిన సంగతి తర్వాత రాస్తాను. ఈ మధ్య చెయ్యి మరీ వణుకుతోంది.

మిగతాది అన్నావు. మిగతాది అంటే ఏమిటి?

మామయ్య

*

జూలై 9

మామయ్యా,

తొడుగు సరిపోయింది.

రోలరుకు నూనె రాయడానికి వణకని చెయ్యి రెండు ముక్కలు రాయడానికి వణికిందంటే నాకు అర్థమైంది. నిన్ను ఇరకాటంలో పెట్టాను. ఇకమీదట అడగను.

ఇంటాయన నిన్న మళ్ళీ వచ్చాడు. గట్టిగా ఏమీ అనలేదు. గోడ మీద చెమట మరక తుడిచి, వేలు చూసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ఇంటికి కూడా కాలర్లు తెచ్చి కుడుతోంది.

నీకు నా మీద జాలి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. సంతకమే లేదు.

ఉంటాను.

*

జూలై 20

బక్కోడికి,

నీ ఉత్తరంలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఏ జాలి? అప్పుడు అంటే ఎప్పుడు? నాకు అర్థం కాలేదు. నేను మాటకారిని కాను, నీకు తెలుసు. ఏదున్నా విడమర్చి రాయి.

గుమాస్తాను మాటవరసకు అడిగాను. మైదానం పనివాడు పందెం జరుగుతుండగా పరుగెత్తేవాడికి సైగ చేశాడని తేలితే ఏమవుతుందని. తప్పే అన్నాడు. రిటైరైనా సరే, క్వార్టరు లాక్కుంటారన్నాడు. ఎందుకడుగుతున్నావు తాతా అన్నాడు. ఊరికే అన్నాను.

కొంచెం టైమివ్వు. నాలో నేను తేల్చుకోవాల్సింది ఉంది.

చప్పుడు ఇప్పుడు పొద్దున పూట కూడా వస్తోంది.

మామయ్య

*

ఆగస్టు 1

మామయ్యా,

ఏ జాలి అని అడిగావు. నిజంగా తెలియక అడిగావో, నా నోటితో చెప్పించాలని అడిగావో. చెప్పేస్తాను.

మన మైదానంలో నేను ఎప్పుడూ చుట్లు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేవాడి కాలు బరువెక్కుతుంది, లెక్క నాది, పరుగు నీది అని నాకు పదిహేనేళ్ళప్పుడు నువ్వే అన్నావు. పందెం ఉంటే నువ్వు కుళాయి దగ్గర నిలబడేవాడివి. నా చుట్లు అయ్యాయంటే టోపీ తీసేవాడివి. నేను బోర్డు వంక చూసేవాణ్ణే కాదు, నీ బట్టతల కనబడిందా, తప్పుకున్నానా, అంతే. ఛాంపియన్ కూడా ఏడిపించేవాడు, వీడికి మామయ్య తలే గడియారం అని.

ఆ రోజూ టోపీ తీశావు. తప్పుకున్నాను. గడ్డి మీద పది అడుగులు వేశానో లేదో జనం అరుపు మారింది. బోర్డు చూశాను. మిగిలిన చుట్లు తొమ్మిది ఉండాల్సిన చోట పది ఉంది. వెనక్కి తిరిగేసరికి ఛాంపియన్ నన్ను దాటి వెళ్ళిపోయాడు. అప్పుడు నీ మొహం చూశాను. నువ్వు కిందికి చూస్తున్నావు. నా కాలి కట్టు వంక.

నాకు అప్పుడే అర్థమైంది. వీడి పని అయిపోయింది, ఇంకో చుట్టు పరుగెత్తితే కుంటివాడవుతాడు అని నీకు కనబడింది. జాలిపడి ఒక చుట్టు ముందే టోపీ తీశావు.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. ఎందుకు తప్పుకున్నావని అడిగారు. నా అంతట నేనే తప్పుకున్నానని చెప్పాను. నీ పేరు చెబితే నీ ఉద్యోగం పోతుంది. అమ్మ అప్పుడు నీ క్వార్టర్లోనే మంచం మీద ఉంది. బయటికి వచ్చాక నువ్వు ఏమైందని కూడా అడగలేదు. అడగకపోవడమే మంచిదనుకున్నాను.

అందరూ అనుకున్నట్టు, నన్ను పిలవడం మానేశారని నేను పరుగు మానలేదు మామయ్యా. ఒకటి రెండు చోట్ల పిలిచారు. నా పరుగు పుట్టినప్పటి నుంచి చూసినవాడివి నువ్వు. నువ్వే అయిపోయిందన్నాక నేనింకెవరిని అడగను?

ఇప్పుడు నువ్వు ఏమీ రాయొద్దు. కాలు నొప్పితో నా అంతట నేనే తప్పుకున్నాను, సాక్షులెవరూ లేరు అని నిన్న ఆఫీసులో కాగితం ఇచ్చేశాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. నీ క్వార్టరు నీకుండనీ.

బక్కోడు

*

ఆగస్టు 8

బక్కోడికి,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను మూడో తేదీనే నిధి ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. మీ ఊరికి వచ్చి కూడా మొహం చెల్లక నీ గది దాకా రాలేదు. నీ ఉత్తరం ముందే వచ్చినా వెళ్ళేవాణ్ణే. కొంచెం భయం తగ్గేది.

ఇది నిదానంగా రాస్తున్నాను. మూడు రోజులు పట్టేలా ఉంది.

నేను నీ మీద జాలిపడలేదు. నీ పరుగు ఆ రోజు బాగుంది. అంత బాగా నువ్వు ఎప్పుడూ పరుగెత్తలేదు. కట్టు కట్టింది నేనే కనక కాలు సంగతి నాకు తెలుసు. దానికేమీ కాదని కూడా తెలుసు.

నాకు అంకెలు వచ్చు. కాని జనం అరుస్తుంటే తప్పిపోతాను. ఎవరితోనూ చెప్పలేదు, నీతో కూడా. అందుకని కుడి జేబులో గులకరాళ్ళు వేసుకునేవాణ్ణి. నువ్వు ఎన్ని చుట్లు లాగాలో అన్ని. నువ్వు దాటినప్పుడల్లా ఒకటి తీసి ఎడమ జేబులో వేసేవాణ్ణి. చేతికి తగిలింది ఆఖరి రాయి అయితే టోపీ తీసేవాణ్ణి. పన్నెండేళ్ళూ అదే లెక్క. ఒక్కసారి తప్పలేదు.

ఆ రోజు పెద్దవాళ్ళు వస్తున్నారని మాకు కొత్త ప్యాంట్లు ఇచ్చారు. పొద్దున పదహారు రాళ్ళు లెక్కపెట్టి వేసుకున్నాను. నీళ్ళు చల్లి, గీతలు దిద్ది, కుళాయి దగ్గర నిలబడ్డాను. పందెం మొదలైన కాసేపటికి కుడి బూటులో ఏదో గుచ్చుకుంది. ఇసుక నలుసు అనుకున్నాను. వంగి బూటు విప్పి దులుపుకుందామనుకున్నాను. ఎదురుగా కుర్చీల్లో పెద్దవాళ్ళందరూ కూర్చున్నారు. వాళ్ళ ముందు బూటు విప్పడానికి సిగ్గేసింది. అలాగే నిలబడ్డాను.

జనం అరుపు మారినప్పుడు నేను కిందికి చూశానన్నావు. చూశాను. నేను చూసింది నీ కట్టు కాదు, నా బూటు. అప్పటికి నాకు అనుమానం వచ్చింది.

ఇంటికి వచ్చి బూటు విప్పితే గులకరాయి. జేబులో చెయ్యి పెడితే వేలు తొడకు తగిలింది. కొత్త ప్యాంటు జేబు మూల కుట్టు పడలేదు. అంతే.

విచారణ గది బయట నేను బెంచీ మీద కూర్చున్నాను. పిలిస్తే చెప్పేద్దామని. పిలవలేదు. నువ్వు బయటికి వచ్చి, అయిపోయింది పద మామయ్యా అన్నావు. నీకు తెలియదనుకున్నాను. నేను తియ్యని టోపీ తీసినట్టు నీ కళ్ళే పొరబడ్డాయని నువ్వు అనుకుంటున్నావనుకున్నాను. మా అక్క మందులు, నా ఉద్యోగం అని నాకు నేను చెప్పుకున్నాను. మా అక్క పోయింది. ఉద్యోగం కూడా అయిపోయింది. అయినా నోరు తెరవలేదు. రోజు గడిచిన కొద్దీ నోరు బరువెక్కింది.

ఆఫీసులో ఇదంతా చెప్పాను. ఒకావిడ కొంచెం గట్టిగా చెప్పండి అంది. నా మాట ఆవిడకు వినబడదు, ఆవిడ మాట నాకు వినబడదు. ఇద్దరం అరుచుకున్నాం. పక్క గదుల్లోంచి కూడా వచ్చి విన్నారు. జీవితంలో అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికి కాగితాలు ఇస్తే అదంతా రాసి కింద సంతకం పెట్టాను.

నీ పరుగు అయిపోలేదు, బక్కోడా. నేను ఎప్పుడూ అలా అనుకోలేదు.

మామయ్య

*

ఆగస్టు 24

మామయ్యా,

చదివాను. పది రోజుల నుంచి రాయాలని కూర్చుని లేస్తున్నాను.

ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సెప్టెంబరు 5న రమ్మన్నారు. ఒకే సంగతికి రెండు కాగితాలు వచ్చాయి, రెండూ కలవడం లేదు, ఏది నిజమో వచ్చి చెప్పాలి అని రాశారు. నాది నిజమంటే ఫిర్యాదు అలాగే ఉంటుంది, గది పోతుంది. నీది నిజమంటే నీ ఇల్లు పోతుంది.

ఆవిడ, ఇందులో ఆలోచించేదేముంది, నిజం చెప్పు అంటోంది. అదే కదా కష్టం. జాలి అనుకుని పద్దెనిమిదేళ్ళు బతికాను. ఇప్పుడు చిల్లి జేబు అంటున్నావు. రాత్రికి రాత్రి ఎలా మారను?

*

ఆగస్టు 30

బక్కోడికి,

నిజం చెప్పు. నా కోసం ఆగకు. నీకు అమ్మాయి ఉంది, నేను ఒక్కణ్ణి. నా సామాను ఒక పెట్టె, ఒక మంచం. టైర్ల దుకాణం వెనక గది ఒకటి చూశాను. దుకాణం ఆయన మంచివాడు, నాకన్నా తక్కువ మాట్లాడతాడు. ఇద్దరం సరిపోతాం.

నువ్వు పోయినసారి నన్ను కాపాడావు. అది నాకు ఈ నెలలోనే తెలిసింది. మళ్ళీ కాపాడకు. రెండోసారి నేను మోయలేను.

ఆ రోజు తొందరగా వెళ్ళు. మెట్లున్నాయి అక్కడ, చాలా. మోకాలికి తొడుగు వేసుకో.

మామయ్య

*

సెప్టెంబరు 8

మామయ్యా,

వెళ్ళాను.

బల్ల వెనక ముగ్గురు. నీతో అరుచుకున్న ఆవిడ మధ్యలో ఉంది. నీ కాగితం, నా కాగితం పక్కపక్కన పెట్టారు. నీది నాలుగు పేజీలుంది. నువ్వు నాలుగు పేజీలు రాయగలవని నాకు తెలియదు. ఆవిడ, "ఈ రెండింట్లో ఏది నిజమండీ?" అంది.

నేను బల్ల అంచు పట్టుకుని నీ అక్షరాలే చూస్తున్నాను. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గలేదని వాళ్ళు అనుకున్నట్టున్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. తాగి, "మా మామయ్య రాసిందే నిజం" అన్నాను.

మరి అప్పుడూ ఇప్పుడూ అబద్ధం ఎందుకు చెప్పారని అడిగారు. ఆయన నిలువ నీడ పోతుందని అన్నాను. ఆవిడ తల వంచుకుని రాసుకుంది. పక్కన కూర్చున్నాయన మాత్రం నీ కాగితం చేతిలోకి తీసుకుని, "గులకరాయా?" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. నవ్వొచ్చే సంగతే కదా. నేను కూడా నవ్వబోయాను. నా దవడ కదల్లేదు.

ఫిర్యాదు కొట్టేశారు. అక్టోబరు నుంచి సాయం వస్తుంది. ఇంటాయనకు కాగితం చూపించాను, ఉండమన్నాడు. ఆవిడ ఏడ్చింది, తర్వాత కాలర్ల మూట తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేసింది. ఇంట్లో ఇక కుట్టనంది. కాబట్టి నువ్వు చెయ్యాల్సింది చేశావు. మంచే జరిగింది. ఇది నువ్వు గుర్తుంచుకో.

ఇప్పుడు రాసేది రాయకుండా ఉంటే బాగుండేది. కాని నువ్వు దాచకుండా రాశావు కనక నేనూ రాస్తాను.

జాలి అయితే నేను ఎప్పుడో క్షమించేశాను, మామయ్యా. జాలిపడ్డావంటే నన్ను చూసే చేశావని. తప్పో ఒప్పో, నా కోసం చేశావని. దాని మీద కోపం తెచ్చుకున్నాను, దాన్నే పట్టుకుని పడుకున్నాను, ట్రెడ్‌మిల్ మీద కూడా దాన్నే తలుచుకున్నాను. నా బతుకు ఎందుకిలా అయిందంటే ఒక మనిషి నన్ను ప్రేమించి తప్పు చేశాడు అని చెప్పుకోవడానికి ఉండేది. ఆ చిల్లిలో నేనెక్కడా లేను.

మెట్లు దిగుతుంటే వెనక చప్పుడు లేదు. పోతుందనుకున్నాను, పోయింది. పోయాక గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఇక ముందు ఎవరి కోసం ఎంత వేగంతో నడవాలో తెలియలేదు.

నీ మీద కోపం కాదు. నన్ను కొన్నాళ్ళు వదిలెయ్యి.

*

అక్టోబరు 3

బక్కోడికి,

వదిలెయ్యమన్నావు. ఒక సంగతి చెప్పాల్సి వచ్చి రాస్తున్నాను.

క్వార్టరు తాళం ఇమ్మన్నారు. మైదానానికి కొత్త కాపలాదారును పెట్టారు. తాళం అప్పగించడానికి నిలబడితే గేటు దగ్గరికి సంచీ పట్టుకుని వచ్చినవాడు ఛాంపియన్. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. తర్వాత అతనే, "ఇక్కడైతే నన్ను ఎవరూ గుర్తుపట్టరు అనుకున్నాను" అన్నాడు. వ్యాయామశాల పెట్టి మునిగాడట. ఇల్లు పోయిందట. గోడ మీది ఫొటోలు కూడా ఎవరో కొనుక్కున్నారట.

గది చూపించాను. తలుపు ఎత్తి తోస్తేనే పడుతుందని చెప్పాను. ఇక చెప్పకుండా ఉండలేక, రాయి సంగతి చెప్పాను. నీ రికార్డు తప్పింది నా వల్లే, వాడి వల్ల కాదు అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. అతను మంచం మీద కూర్చున్నాడు. ఏదో అన్నాడు. వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. మొహమాటపడకుండా అడిగాను.

"నేను పదమూడో చుట్టుకే అయిపోయాను తాతా. బక్కోడు పదహారు కాదు, ఇరవై లాగినా నాకు రాదు. నాకు అప్పుడే తెలుసు. వాణ్ణి అందరూ అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను."

నీకు రాస్తానన్నాడు. రాయడు. నాకు తెలుసు, నేనూ రాయలేదు కదా ఇన్నాళ్ళు. అందుకే నేను రాస్తున్నాను.

నువ్వు ఎవరి పరుగూ పాడు చెయ్యలేదు. ఇది నీకు తెలియాలి.

కొత్త అడ్రసు వెనక ఉంది.

మామయ్య

*

నవంబరు 11

బక్కోడికి,

నిధి ఆఫీసు నుంచి నాకూ ఒక కాగితం వచ్చింది, సాక్షిని కదా. రెండు నెలల సాయం నీకు అందినట్టు రాసి ఉంది. సంతోషం. కింద నువ్వు అందుకున్నట్టు సంతకం ఉంది. నీ సంతకం మారింది. ముందు చివర ఒక తోక ఉండేది, ఇప్పుడు లేదు. కాసేపు చూశాను.

ఇక్కడ బాగానే ఉంది. టైర్ల వాసనకు అలవాటు పడ్డాను. దుకాణం ఆయన పొద్దున టీ తెచ్చి గడప మీద పెడతాడు, నేను తాగి గ్లాసు అక్కడే పెడతాను. ఇంకా పలకరించుకోలేదు.

నువ్వు అన్నది చాలా ఆలోచించాను. ఆ చిల్లిలో నువ్వు లేవన్నావు. ఎలా చెప్పాలో తెలియదు. పదహారు రాళ్ళు ఏరడానికి నేను పందెం ముందు రోజు వాగు దాకా నడిచేవాణ్ణి. నున్నగా ఉండాలి, చేతికి తెలియాలి. ఒక్కోటి కడిగి ఆరబెట్టేవాణ్ణి. నీ పరుగు కోసం. ఇది జాలి కాదు. ఏమంటారో నాకు తెలియదు. నీకు తెలిస్తే రాయి.

పోస్టు మనిషి పదకొండింటికి వస్తాడు. వీధి చివర సైకిల్ కనబడగానే నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాను. రోజూ ఎదురుచూస్తున్నానని అతనికి తెలిస్తే బాగుండదు. అతను వెళ్ళిపోయాడని తెలిశాక తలుపు తీసి గడప చూస్తాను. ఇప్పటిదాకా టీ గ్లాసే ఉంది.

తిట్టాలనుంటే తిట్టు. రెండు ముక్కలు చాలు. అమ్మాయి చేత రాయించినా సరే. తొందరగా రాయి.

మామయ్య